మేస్త్రి నొక్కిన టైరు

మేస్త్రికి ఈ ప్రపంచంలో నమ్మకమున్నది ఒక్కదాని మీదే, తన కుడిచేతి బొటనవేలి మీద. మిగతా అన్నిటి మీదా అనుమానమే. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగుతాడు. రేపు వాన పడుతుందని రేడియోలో చెబితే, గొడుగులు అమ్మేవాళ్ళు వీళ్ళకేమైనా ముట్టజెప్పారా అని ఆలోచిస్తాడు. పెళ్ళైన కొత్తలో భార్య "మీరంటే నాకు చాలా ఇష్టం" అంటే "ఎందుకూ?" అని అడిగాడట. ఆ ముచ్చట ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తూనే ఉంది. ఆ ప్రశ్నలో నవ్వడానికి ఏముందో ఆయనకు మాత్రం ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆయన చేసేది ఇనుప గేట్ల పని. ఇంటి వెనక రేకుల షెడ్డు. ఊచలు కోసి, వెల్డింగు చేసి, అతుకుల మీద గ్రైండరు పెట్టి నున్నగా చేస్తాడు. ముప్ఫై రెండేళ్ళుగా ఆ గ్రైండరు ఆయన కుడిచేతిలో గుయ్యిమంటూ వణుకుతూనే ఉంది. షెడ్డు గోడ మీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారం గీసి పెట్టాడు. సుత్తి ఉండాల్సిన చోట సుత్తి బొమ్మ, రెంచి ఉండాల్సిన చోట రెంచి బొమ్మ. ఎవరైనా అడక్కుండా తీసుకెళితే ఖాళీ బొమ్మ కనిపిస్తుంది, దొంగ దొరికిపోతాడు. ఇన్నేళ్ళలో ఒక్క దొంగా దొరకలేదు. తన జాగ్రత్త వల్లే దొరకలేదని ఆయన లెక్క.

ఆదివారాలు మాత్రం మేస్త్రి గేట్లను వదిలేసి సైకిళ్ళ దగ్గరికి వెళతాడు. ఊళ్ళో ఒక సైక్లోక్రాస్ జట్టు ఉంది. వానలు తగ్గే రోజుల్లో మొదలై చలికాలం చివరిదాకా ఏడు పోటీలు. బురదలోనూ గడ్డిలోనూ ఇసుకలోనూ ముప్పావుగంట చుట్లు తిరగాలి. దారికి అడ్డంగా చెక్కలుంటాయి. అవి వచ్చినప్పుడల్లా దిగి, సైకిలును భుజాన వేసుకుని దూకి, మళ్ళీ ఎక్కి తొక్కాలి. మొదటిసారి చూసినప్పుడు మేస్త్రి భార్య "సైకిలు మనిషిని మోయాలి గానీ, మనిషి సైకిలును మోయడమేంటండీ, ఖర్మ కాకపోతే" అంది. అలా మోసేవాళ్ళలో సొంత కూతురు ఉందని తెలిశాక ఆవిడ పోటీలకు రావడమే మానేసింది.

ఈ ఆటలో సగం సంగతి టైర్లలో ఉంటుంది. గాలి కాస్త ఎక్కువైతే టైరు రాయిలా మారి బురదలో జారిపోతుంది. మరీ తక్కువైతే రిమ్ము రాళ్ళకు తగులుతుంది. జట్లన్నీ గాలి కొలిచే గేజీ పెట్టి అంకె చూసి గాలి కొడతాయి. ఈ జట్టుకు గేజీ అక్కర్లేదు, మేస్త్రి వేలుంది. పదకొండేళ్ళ కిందట ఎవరో పందెం కట్టి, ఆయన నొక్కి చూసిన నాలుగు టైర్ల మీద గేజీ పెట్టారు. నాలుగూ అచ్చంగా ఆయన చెప్పిన అంకె దగ్గరే ఉన్నాయి. ఆ రోజు నుంచి జట్టులో ఒక కట్టుబాటు ఏర్పడిపోయింది. మేస్త్రి నొక్కిన టైరు మీద గేజీ పెట్టకూడదు. పెడితే ఆయనను అవమానించినట్టే. కొత్తగా చేరినవాళ్ళకు హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో చెప్పడానికి ముందే ఈ సంగతి చెప్పేవారు.

కూతురికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పని. మూడేళ్ళుగా పోటీలన్నీ కలిపి రెండో స్థానంలోనే మిగిలిపోతోంది. మొదటి స్థానం వస్తే పై జట్టులోకి తీసుకుంటారు, దేశం మొత్తానికి జరిగే పోటీకి పంపిస్తారు. ఇక మీదట ఆదివారాలు కూడా డ్యూటీ చేయాలని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పేశారు. ఆమె బతిమాలితే ఈ ఒక్క ఏడాదికి సరేనన్నారు. అంటే ఇదే ఆఖరి అవకాశం. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు, అందరి మనసులోనూ ఉంది.

పోటీల్లో సైకిలు మార్చుకునే చోటు ఒకటుంటుంది. బురద పట్టిన సైకిలును అక్కడ వదిలేసి, కడిగిన సైకిలు తీసుకుని వెళ్ళిపోవచ్చు. కూతురి రెండు సైకిళ్ళనూ మేస్త్రి, ఆయన బావమరిది కలిసి చూసుకునేవారు. బావమరిదికి బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. మేస్త్రి గాలి కొడితే, అతను సైకిళ్ళు కడిగి, తుడిచి, బయలుదేరే గీత దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టేవాడు. మేనకోడలంటే అతనికి ప్రాణం.

మొదటి రెండు పోటీలూ వెచ్చటి రోజుల్లో చక్కగా జరిగాయి. ఒకదాంట్లో రెండో స్థానం, ఒకదాంట్లో మొదటిది. మూడో పోటీ నాటికి చలి దిగింది. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది, పంపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఆ రోజూ కూతురే గెలిచింది. అందరూ చప్పట్లు కొడుతుంటే మేస్త్రి అలవాటు ప్రకారం వంగి టైరు నొక్కాడు. మెత్తగా తగిలింది. తను పెట్టిన గాలి అది కాదు.

పంక్చరేమోనని టైరును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. మేస్త్రి ఆ తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు నీళ్ళనే చూశాడు. గాలి దానంతట అది పోలేదంటే ఎవరో తీశారన్నమాట. ఎవరు? ఎందుకు? ఆయన పుట్టి పెరిగి ఇన్నాళ్ళు అనుమానించింది ఈ రోజు కోసమే అన్నట్టు లోపల ఒక తృప్తి లాంటిది కూడా కలిగింది. నిజం చెప్పాలంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

ముందుగా నీలం చొక్కాల జట్టు మీదికి వెళ్ళింది ఆయన చూపు. వాళ్ళకు పెద్ద వ్యాను ఉంది, మడత కుర్చీలున్నాయి, అడిగినా అడగకపోయినా నవ్వుతారు. అలా ఊరికే నవ్వేవాళ్ళను ఆయన ఎప్పుడూ నమ్మలేదు. నాలుగో పోటీ రోజు వాళ్ళ మీదే కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కడు కూడా ఇటు రాలేదు. గాలి మాత్రం మళ్ళీ తగ్గింది. తర్వాత జట్టును నడిపే డ్రిల్లు మాస్టారిని అనుమానించాడు. మాస్టారికి అంతకుముందు వారమే ఇంటి గేటు ఉచితంగా బాగుచేసి ఇచ్చాడు. ఉపకారం పొందినవాడికి మనసులో ఏదో ఒక మూల మంట ఉంటుందని మేస్త్రి సిద్ధాంతం.

ఐదో పోటీకి భార్య గోళ్ళ రంగు సీసా జేబులో వేసుకుని వెళ్ళాడు. గాలి కొట్టి, వాల్వు మూతలు బిగించి, మూతకూ వాల్వుకూ కలిపి సన్నటి ఎర్రగీత గీశాడు. మూత తిప్పితే గీత పగిలిపోతుంది. పోటీ అయ్యాక చూస్తే నాలుగు గీతలూ పగిలి ఉన్నాయి.

"చూశారా! అన్నానా లేదా?" అన్నాడు డ్రిల్లు మాస్టారితో. ఆయన మీద అనుమానం ఇంకా పూర్తిగా తీరకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాడు.

"అన్నయ్యా, అమ్మాయి మూడు పోటీలు వరసగా గెలిచింది. మన సైకిలు పాడుచేసేవాడు మనల్ని గెలిపిస్తాడా?" అన్నాడు మాస్టారు.

"వాడు గాలి తీసినా గెలిచింది. తీయకపోతే ఇంకెంత ముందుండేదో ఆలోచించారా?" అన్నాడు మేస్త్రి. మాస్టారు టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆరో పోటీ రోజు మేస్త్రి, చేతులు కడుక్కొస్తానని బావమరిదితో చెప్పి వ్యాన్ల వెనక నక్కాడు. సైకిళ్ళను గీత దగ్గరికి పిలిచే వేళయింది. బావమరిది అటూ ఇటూ చూశాడు. ముందు చక్రం దగ్గర కూర్చుని మూత తీశాడు. స్స్‌స్స్ మని గాలి పోయింది. జేబులోంచి చిన్నదేదో తీసి వాల్వుకు ఆనించి చూసుకున్నాడు. మళ్ళీ కాస్త తీశాడు. వెనక చక్రానికీ అంతే. తర్వాత రెండో సైకిలుకు. పని ముగించి, ఏమీ ఎరగనట్టు సైకిలును నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. నీలం చొక్కాలవాడో మాస్టారో అయితే మేస్త్రి ఎగిరి కాలరు పట్టుకునేవాడే. ఇంటి మనిషయ్యేసరికి వ్యాన్ల వెనకే ఉండిపోయాడు. తేరుకునేలోపు ఈల వేశారు, పోటీ మొదలైపోయింది.

ఆ పోటీ కూడా కూతురే గెలిచింది. ఆమె ఇంకా ఆయాసపడుతూనే ఉంది, మేస్త్రి అందరి ముందూ బావమరిది ఎదురుగా నిలబడ్డాడు.

"గాలి తీసింది నువ్వేనా?"

బావమరిది తల దించుకున్నాడు. "అవును బావా. నేనే."

"ఎందుకు తీశావురా?"

అతను ఒకసారి మేస్త్రి చేతుల వైపు చూశాడు, మేనకోడలి వైపు చూశాడు.

"అడుగుతుంటే పలకవేం? నీలం చొక్కాలవాళ్ళు ఏమిస్తామన్నారు?"

"నాన్నా!" అంది కూతురు. "మామయ్యనా నువ్వనేది? మామయ్యా, నువ్వైనా చెప్పు, ఎందుకు తీశావు?"

"ఏం లేదమ్మా. తప్పైపోయింది" అన్నాడు బావమరిది. తుడుస్తున్న గుడ్డను మడతపెట్టి సైకిలు మీద ఉంచి వెళ్ళిపోయాడు. ఇక రావద్దని మేస్త్రి వెనక నుంచి అరిచాడు. ఆ అరుపు అవసరం లేదని అందరికీ తెలుసు.

ఆ రోజు నుంచి మేస్త్రి భార్య మొగుడితో మాట్లాడటం మానేసింది. "మీ నాన్నను భోజనానికి రమ్మను", "మీ నాన్నకు చెప్పు, పాలు అయిపోయాయి" అని అన్నీ కూతురి ద్వారానే నడిపించేది. కూతురు ఆసుపత్రికి వెళితే, ఎదురుగా మొగుడుండగానే గోడ మీది క్యాలెండరుతో చెప్పేది. ఆయన లెక్కచేయలేదు. ఇంట్లోంచి ఒక వెన్నుపోటు బయటపడ్డాక రెండోది ఎంత దూరంలో ఉంటుందోనని భార్యను కూడా ఓ కంట కనిపెడుతూ వచ్చాడు.

ఏడో పోటీ. కూతురు ఆరు పాయింట్లు ముందుంది. మొదటి ఐదుగురిలో వస్తే చాలు, స్థానం ఆమెదే. అన్నిటికన్నా ఎక్కువ చలి ఆ రోజే. ముందురోజు కురిసిన వానకు ఏటవాలు మలుపంతా జిగురు బురద. మేస్త్రి సైకిళ్ళను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తానే గాలి కొట్టాడు, వేలితో నొక్కాడు, ఇంకా మెత్తగా అనిపిస్తే మళ్ళీ కొట్టాడు. నాలుగు మూతల మీదా ఎర్రగీతలు గీశాడు. ఈసారి ఒక పొర కాదు, రెండు. మాస్టారు సాయం పట్టబోతే "మీరు అక్కడే ఉండండి" అన్నాడు. సైకిలును తానే గీత దగ్గరికి నడిపించి, ఈల వేసేదాకా జీను మీద చెయ్యి తీయలేదు.

మొదటి చుట్టులోనే ఏటవాలు మలుపులో కూతురు జారి పడింది. లేచి తొక్కింది. రెండో చుట్టులో అదే చోట మళ్ళీ పడింది. మోకాలు చీరుకుపోయి, ఒళ్ళంతా బురదతో సైకిలు మార్చుకునే చోటికి వచ్చింది.

"నాన్నా, టైర్లు రాళ్ళలా ఉన్నాయి! గాలి తీయి!"

మేస్త్రి రెండో సైకిలు టైరును గట్టిగా నొక్కాడు. వేలికి మెత్తగానే ఉంది. చూస్తూ చూస్తూ ఇంకా తీయమంటుందేమిటి? మామయ్య ఈ పిల్ల చెవిలో కూడా ఏదో ఊదినట్టున్నాడు.

"సరిగ్గానే ఉంది! నీకే భయం పట్టుకుంది, తొక్కు!" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. తండ్రి నొక్కిన టైరు. రెండో సైకిలు ఎక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు పడింది. చివరికి తొమ్మిదో స్థానంలో వచ్చింది. పై జట్టులో చోటు నీలం చొక్కాల అమ్మాయికి పోయింది, రెండు పాయింట్ల తేడాతో. కూతురు ఏడవలేదు. "నాన్న అన్నది నిజమే, భయపడ్డాను. ఇక నావల్ల కాదు" అని మాస్టారితో చెప్పి, ఆయన వెనక స్కూటరు ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

మాస్టారు ఆమెను దింపి తిరిగి వచ్చేసరికి మైదానం ఖాళీ అవుతోంది. ఆయన గేజీ తీసి, ఎర్రగీతను గోటితో పగలగొట్టి, టైరుకు పెట్టాడు. పదకొండేళ్ళలో అది మొదటిసారి. ముల్లు ముప్ఫై ఆరు దగ్గర ఆగింది. ఆ బురదకు ఇరవై రెండు ఉండాలి.

"మీ గేజీ చెడిపోయింది" అన్నాడు మేస్త్రి.

మాస్టారు వెళ్ళి నీలం చొక్కాలవాళ్ళ గేజీ అడిగి తెచ్చాడు. అదీ ముప్ఫై ఆరే చూపించింది. మిగతా మూడు టైర్లూ ముప్ఫై నాలుగుకు తక్కువ లేవు.

"ఎవడో ఎక్కువ కొట్టాడు" అన్నాడు మేస్త్రి. అంటూనే నాలుగు మూతల వైపూ చూశాడు. మాస్టారు పగలగొట్టేదాకా ఏ ఎర్రగీతా చెక్కుచెదరలేదు. రెండు పొరలు తనే వేశాడు. తను తప్ప ఎవరూ ముట్టుకోలేదని తన సాక్ష్యమే చెబుతోంది. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఆ ఖాళీ మైదానంలో మేస్త్రికి జీవితంలో మొదటిసారి నిజంగా భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే బావమరిది దుకాణానికి వెళ్ళాడు. ముందు గదిలో అద్దాల బీరువా, గోడకు అక్షరాల బోర్డు. వెనక చిన్న బల్ల దగ్గర బావమరిది కూర్చుని ఒక అద్దం అంచు అరగదీస్తున్నాడు. బావను చూసి లేచి స్టూలు జరిపాడు. మేస్త్రి కూర్చోలేదు.

"ముప్ఫై ఆరు" అన్నాడు.

బావమరిది అద్దాన్ని మెల్లగా గుడ్డ మీద పెట్టాడు. "అంత కొట్టావా? నేను చూసినప్పుడు ముప్ఫై దాటేది కాదు. నిన్న చలి ఎక్కువ కదా."

"నీకు ముందే తెలుసా?"

"మూడో పోటీ రోజు నీ బొటనవేలు టైరు అంచుకు కోసుకుంది బావా. రక్తం కారి రిమ్ము మీద పడుతోంది. నువ్వు చూసుకోలేదు. నొప్పి కూడా తెలీలేదు నీకు, అలాగే నొక్కుతూ నిలబడ్డావు. ఆ రక్తం నేను తుడిచాను. తుడుస్తుంటే టైరు రాయిలా తగిలింది. ఆ రోజుకు చేత్తో చూసి కాస్త గాలి తీశాను. మర్నాడు గేజీ కొని, అప్పటి నుంచి జేబులో పెట్టుకొస్తున్నా."

మేస్త్రి వేలి వైపు చూసుకున్నాడు. ఎప్పుడో మానిన సన్నటి గీత ఉంది. అది ఎక్కడిదో ఆయనకు తెలియదు.

"ముప్ఫై ఏళ్ళు గ్రైండరు పట్టిన చెయ్యి బావా. చలికి మొద్దుబారిపోతోంది. గట్టి టైరు కూడా దానికి మెత్తగానే తగులుతోంది. డాక్టరుకు చూపించాల్సింది."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేవాడివా?"

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. తన చోటు లాక్కోవడానికే చెబుతున్నాడని, నీలం చొక్కాలవాళ్ళే పలికిస్తున్నారని, ఏదో ఒకటి అనేవాడే. అది ఆయనకే తెలుసు.

"పోనీ ఆ రోజు అందరి ముందూ దొంగ అన్నాను కదరా. అప్పుడైనా చెప్పకపోయావా?"

"అందరి ముందూ నీ వేలు పనికిరాదని ఎలా చెప్పమంటావు?" బావమరిది అద్దాల వైపు చూస్తూ అన్నాడు. "నన్ను దొంగ అంటే పడొచ్చు, దానికి నా దుకాణం మూసుకోవాల్సిన పని లేదు. నీ పేరంతా ఆ వేలి మీదే ఉంది. కానీ నేనూ తప్పే చేశాను. నువ్వు పొమ్మంటే పౌరుషానికి పోయి నిన్న రాలేదు. వచ్చుంటే అమ్మాయి గెలిచేది. రాత్రంతా అదే ఆలోచన."

మేస్త్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి అక్కడ అన్నీ అద్దాలే, ఎటు తిరిగినా తన ముఖమే కనిపిస్తోంది. బావమరిది భుజం మీద చెయ్యి వేసి, "తప్పు నాదిరా" అన్నాడు.

"అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"తను భయపడి ఓడిపోయాననుకుంటోందని రాత్రి అక్క ఫోనులో చెప్పింది. నేను మాత్రం చెప్పను. నువ్వే చెప్పు."

ఇంటికి వచ్చేసరికి కూతురు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని మోకాలికి కట్టు మార్చుకుంటోంది. సైకిలు అమ్మేస్తానని తల్లితో చెబుతోంది. "మలుపు చూస్తే కాళ్ళు వణికాయమ్మా. అంత పిరికిదాన్ని పై జట్టుకు తీసుకుని మాత్రం ఏం చేస్తారు?" అంటోంది. ఆయనను చూసి తల్లి పొయ్యి వైపు తిరిగింది.

మేస్త్రి కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు భయపడలేదు. టైర్లలో ముప్ఫై ఆరు ఉంది. అంత గాలితో ఎవరు తొక్కినా పడతారు. కొట్టింది నేను. తీయమని నువ్వు అడిగినా తీయనిదీ నేనే. మీ మామయ్య ఇన్నాళ్ళూ నిన్ను కాపాడుతూ వచ్చాడు, వాణ్ణి తరిమేసిందీ నేనే" అన్నాడు.

పొయ్యి దగ్గర చప్పుడు ఆగిపోయింది. కూతురి ముఖం ఎర్రబడింది. కోపమొచ్చింది, రావాల్సిందే. మూడేళ్ళు, ఆఖరి అవకాశం, ఐదుసార్లు పడటం, అన్నీ ఆ ముఖంలో కనిపించాయి. మేస్త్రి తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. ఆమె ఏమన్నా పడటానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆమె మాత్రం ఆయన కుడిచేతిని బల్ల మీదికి లాక్కుని, ఆసుపత్రిలో రోగుల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, బొటనవేలి కొసలో తన గోరు గట్టిగా దించింది.

"తెలుస్తోందా నాన్నా?"

భార్య కూడా దగ్గరికి వచ్చి నిలబడింది. తెలుస్తోందని అనడం చాలా తేలిక. మేస్త్రి ఆ వేలి వైపు చూశాడు. గోరు లోపలికి దిగి, చుట్టూ చర్మం తెల్లబడి ఉంది. వేలు మాత్రం ఎవరిదో పరాయివాళ్ళది అన్నట్టు ఏ కబురూ చెప్పడం లేదు.

"లేదమ్మా" అన్నాడు.